రెండు సంతకాల మాట

జూన్ 4

చెల్లికి,

ఈసారి ఆశీస్సులు సగమే పంపుతున్నాను. మిగతా సగం నీ జవాబు చూశాక.

నీ కిందటి ఉత్తరం రెండో పేజీ, పదకొండో వరుస. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. అద్దాలు నీ దుకాణంలో చేసినవే కాబట్టి తప్పు వాటిదని అనడానికి లేదు. "లెన్సులాయన నిన్న పెద్ద ములీసు చేశాడు, నవ్వలేక చచ్చాం" అని రాశావు. ములీసు ఏమిటి?

అచ్చాపీసులో నలభై ఏళ్ళు సీసపు అక్షరాలు పేర్చినవాణ్ణి. తిరగబడి ఉన్న వరుసలో కూడా పరాయి అక్షరం ఇట్టే కనపడుతుంది నాకు. ఇది తెలుగు మాట కాదు. మోత చూస్తే మన బుగ్గభాషలా ఉంది. నోటుబుక్కు తీసి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వేలు పెట్టి చూశాను. మూడువందల పదహారు మాటలున్నాయి. ములీసు లేదు.

నీకు తెలిసిందే అయినా మళ్ళీ చెబుతాను. చెప్పిందే చెప్పే హక్కు కూడా లేకపోతే ముసలితనం ఎందుకు? నాకు పదకొండు, నీకు ఎనిమిది. ఇద్దరికీ ఒకేసారి గవదబిళ్ళలు. మన బుగ్గలు చూసి ఇంటికొచ్చిన డాక్టరే నవ్వాడు. దవడలకి గుడ్డ కట్టి, ఒకే గదిలో పడేసి, బయట గడియ పెట్టారు. నోరు తెరిస్తే ప్రాణం పోయేది. అందుకని నోరు తెరవకుండా పలికే మాటలే పుట్టించాం. మ, న, ల, స, హ. అచ్చుల్లో ఇ, ఉ మాత్రమే. 'ఆ' అనడానికి దవడ దిగాలి, కాబట్టి ప్రపంచంలో 'ఆ' లేని భాష మనదొక్కటే అని నా నమ్మకం. చెవిపోటుకి చప్పుడు కూడా పడేది కాదు కదా, ఒకరి చెంప మీద ఒకరం అరచెయ్యి ఆనించుకుని ఆ మూలుగుని చేత్తోనే వినేవాళ్ళం. 'కాదు' అనడానికి వేరే మాట పెట్టుకోలేదు. అదే మాటని ఊపిరి లోపలికి పీలుస్తూ అంటే కాదని అర్థం. కాలాలు రెండే, మందుకి ముందు, మందుకి తర్వాత. నేను, నువ్వు, మనం, అన్నిటికీ ఒకటే మాట, 'ఇమ్'. ఉన్నది ఇద్దరమే కదా. తలుపు బయట ఉన్న లోకమంతా 'హూ'. నాన్న హూ, డాక్టరు హూ, పాలవాడు హూ, పాలవాడి కుక్క హూ.

అన్నిటికన్నా పెద్ద నియమం నువ్వు పెట్టిందే. ఇద్దరం సంతకం చేస్తేనే మాట. ఏ మాటైనా చీటీ మీద రాసి పంపాలి, రెండోవాళ్ళు సంతకం పెట్టాలి, అప్పుడే నోటుబుక్కులోకి. యాభై ఎనిమిదేళ్ళుగా తప్పలేదు. ఇప్పుడీ ములీసు ఏ దొడ్డిదారిన వచ్చింది? దాని మీద రెండో సంతకం ఎవరిది?

నాతో ఫోన్లో మాట్లాడదామంటే కుదరదని తెలుసుగా. అచ్చు యంత్రం తినేసిన చెవులివి. కుడిచెవిలో కాస్త మిగిలితే అందులోకి మీ వదిన అరుస్తుంది. కాబట్టి ఉత్తరమే రాయి. ముక్క దాచకుండా రాయి.

సగం ఆశీస్సులతో,
అన్నయ్య


జూన్ 12

అన్నయ్యకి,

సగం ఆశీస్సులు అందాయి. సగం జవాబు పంపుతున్నాను, చెల్లుకు చెల్లు.

ములీసు అంటే వినపడకపోయినా వినపడినట్టు తల ఊపి, సందర్భం చూసుకుని చిన్న నవ్వు కూడా నవ్వడం. మా లెన్సులాయన అద్దం అరగదీసే యంత్రం ముందు కూర్చుంటే పక్కన పిడుగు పడ్డా తెలియదు. ఆ రోజు ఒకాయనొచ్చి, "మీరు చేసిన అద్దాలు రెండోరోజే పగిలిపోయాయండీ" అన్నాడు. ఈయన తల ఊపి, నవ్వి, "చాలా సంతోషమండీ, మీవాళ్ళకి కూడా చెప్పండి" అన్నాడు. దీన్ని తెలుగులో ఒక్క మాటలో చెప్పు చూద్దాం.

మంచి మాటే కదా? నీకు పంపితే సంతకం పెడతావా? గత పదకొండేళ్ళలో నీకు తొమ్మిది చీటీలు పంపాను. తొమ్మిదీ తిప్పి కొట్టావు. ఒకదాని మీద "మోత బాగాలేదు". ఇంకోదాని మీద "పాత మాటే చాలు". ఒకదాని మీద ఏమీ రాయలేదు, ఆశ్చర్యార్థకం ఒక్కటి పెట్టావు. అది ఎంత నొక్కి పెట్టావో గానీ కాగితం చిరిగింది. ప్రూఫులు దిద్దే చెయ్యి కదా, నీకు తప్పులే కనపడతాయి. నీ పెళ్ళైన ఏడాది నేను పంపిన చీటీ గుర్తుందా? వదినని కూడా హూ అనడం బాగాలేదు, ఆవిడకంటూ 'లినూ' అనే మాట పెట్టుకుందాం అన్నాను. "అవసరం లేదు, హూ సరిపోతుంది" అని రాశావు. నాకు గుర్తుంది.

మాటకి ఆకలేస్తే పుడుతుంది అన్నయ్యా. సంతకం కోసం గుమ్మంలో నిలబడదు.

నా ఎడమకంటికి శుక్లం తీశారని రాశాను కదా, మూడో పేజీలో. నువ్వు రెండో పేజీ పదకొండో వరుస దగ్గరే ఆగిపోయినట్టున్నావు. కన్ను బాగుంది. లెన్సులాయన దుకాణం చూసుకుంటున్నాడు.

వదినని అడిగానని చెప్పు. గురువారం మా దుకాణానికి సెలవు, పొద్దున పదింటికి ఫోన్ దగ్గరే ఉంటానని చెప్పు.

నీ చెల్లి


జూన్ 21

చెల్లికి,

నీ కన్ను విషయం మూడో పేజీలో ఉంది, నిజమే. సిగ్గుపడ్డాను. సిగ్గుపడడం అయిపోయింది కాబట్టి అసలు సంగతికొస్తాను.

మాట ఒంటరిగా పుట్టదు. నువ్వొక్కదానివే గదిలో కూర్చుని ములీసు, ములీసు అనుకుంటే అది జబ్బు అవుతుంది గానీ భాష కాదు. అవతల విని నవ్వినవాళ్ళు ఒకరుండాలి. "నవ్వలేక చచ్చాం" అన్నావు. చచ్చాం! అంటే ఎవరెవరు?

కిందటేడాది నువ్వు రాసిన ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. లెన్సులాయన ముప్ఫై ఒక్కసారి వచ్చాడు. నేను పంతొమ్మిదిసార్లు. అందులో నాలుగు, "అన్నయ్యకి" అని మొదట్లో రాసేవి. ఆయన పనిచేస్తూ ఏదో కూనిరాగం తీస్తాడని మార్చిలో రాశావు. నోరు తెరవకుండా కూనిరాగం! నాకు తెలియదా అది ఏమిటో? ఆయనకి నేర్పావు. దుకాణంలో కూర్చుని, గిరాకీ ముందే, మన మూలుగులు మూలుగుతున్నారు మీరిద్దరూ.

కుళ్ళు అనుకో. అనుకోవడమెందుకు, కుళ్ళే. ఆస్తి పంచమంటే అడ్డం చెప్పేవాణ్ణి కాదు. ఇది ఆస్తి కాదు. ఆ గదిలో ఇంకెవరూ లేరు. మన పెదనాన్న కొడుకు కిటికీ అవతల నిలబడి, "నాకూ నేర్పరా, నా గోళీలన్నీ ఇస్తా" అని ఎంత ఏడ్చాడు? మనం ఏం చేశాం? చేదుమందుకి మనం పెట్టుకున్న 'హిస్సు'ని మిఠాయి అని చెప్పాం. వాడికి గవదలొచ్చినప్పుడు డాక్టరు ముందు "హిస్సు, హిస్సు" అని చెయ్యి చాపాడు. డాక్టరు సీసా చూపించి ఇదేనా అంటే, చేదుమందు రెండు చెంచాలు తాగాడు పాపం. అంత కాపలా కాశాం దాన్ని. గోళీలకే ఇవ్వలేదు, కూనిరాగానికి ఇచ్చేస్తావా?

ఇక ఇంటి సంగతులు. మీ వదిన ఆరోగ్యం నాకు నచ్చడం లేదు. గురువారం నీతో ఫోన్లో మాట్లాడుతుంటే ఎదురుగా కుర్చీలో కూర్చుని చూశాను. నాకు వినపడదు గానీ కనపడుతుంది కదా. ఉండుండి గుటుక్కున ఊపిరి లోపలికి పీలుస్తోంది, వేడి టీ ఊదుకోకుండా తాగినవాళ్ళలా. ఒక్క ఫోనులో పదకొండుసార్లు. మధ్యలో కళ్ళవెంట నీళ్ళు. మర్నాడే డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. ఆయన వీపు మీదా ఛాతీ మీదా గొట్టం పెట్టి, "గంటలా ఉంది" అన్నాడట. ఈ రోజుల్లో డాక్టర్లకి ఓపిక లేదు. నేను కదలకుండా కూర్చుంటే చివరికి ఒక పీల్చే మందు రాసిచ్చాడు. పూటకి రెండుసార్లు దగ్గరుండి పీల్పిస్తున్నాను. పీల్చి, నా మొహం చూసి నవ్వుతుంది. ధైర్యం గల మనిషి.

నువ్వు కూడా ఫోన్లో ఆవిణ్ణి ఎక్కువ మాట్లాడించకు, ఆయాసపడుతోంది.

జవాబులో లెన్సులాయన పేరు రావాలి, లేదా రాకూడదు. రెండిట్లో ఏదైనా నాకు అర్థమవుతుంది.

ఆశీస్సుల్లో పావువంతుతో,
అన్నయ్య


జూన్ 30

అన్నయ్యా,

ముందు ఆ పీల్చే మందు ఆపు. వదినకి ఊపిరి బ్రహ్మాండంగా ఉంది. నాకెలా తెలుసని అడగకు, తెలుసు. లేని ఆయాసానికి మందు పీల్పించి ఉన్న ఊపిరి పాడుచెయ్యకు.

ఇక లెన్సులాయన. పాపం, ఆయన తెలుగే పొదుపుగా మాట్లాడతాడు. పవరు చెబుతాడు, ఫ్రేము చూపిస్తాడు, సాయంత్రం తాళం వేస్తాడు. ఆయన కూనిరాగం కూనిరాగమే. ఆయనకి బుగ్గభాష నేర్పడం కన్నా యంత్రానికి నేర్పడం సులువు.

కానీ అబద్ధం ఎందుకు, మూడో మనిషి ఉన్నారు. ఎవరో చెప్పనని ఒట్టేశాను. మనం పెట్టుకున్న నియమాలు నేను తప్పాను, ఈ ఒట్టు మాత్రం తప్పను.

ఎలా జరిగిందో చెబుతాను. తొమ్మిదేళ్ళ కిందట, మా ఆయన పోయిన నెల. వచ్చినవాళ్ళందరూ ఓదార్పు మాటలు మాట్లాడుతున్నారు. నాకు మాత్రం నోరు పెగల్లేదు. ఏడుపు రాదు, మాట రాదు. దవడలు బిగుసుకుపోయాయి, అచ్చం ఆ గదిలోలా. ఒకరోజు ఆ మనిషి, "ఎలా ఉన్నావు?" అని అడిగితే, నా నోట్లోంచి నాకు తెలియకుండానే "లుల్లు" అని వచ్చింది. తలుపు. అంతే అన్నాను. అవతలినుంచి జవాబొచ్చింది. బుగ్గభాషలో. తప్పు లేకుండా, మందుకి తర్వాతి కాలంలో. "తెరుస్తారులే, మందు తాగాక తెరుస్తారు" అని.

నేను నేర్పలేదన్నయ్యా. ఆ మనిషికి అప్పటికే వచ్చు. ఎవరూ నేర్పకుండా, ఎవరూ రమ్మనకుండా, బయట కూర్చుని నేర్చుకున్నారు. మన పెదనాన్న కొడుకులాగే, కిటికీ అవతల. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. తొమ్మిదేళ్ళుగా మేం మాట్లాడుకుంటున్నాం. మాటలు కావలసివచ్చాయి, పుట్టించుకున్నాం. మన దాంట్లో మంచం, మందు, దుప్పటి ఉన్నాయి గానీ మోకాలినొప్పి లేదు, ఒంటరిగా టీ తాగడం లేదు.

నీకన్నా బాగా మాట్లాడతారు. కోపం తెచ్చుకో, పరవాలేదు. నువ్వు బుగ్గభాష రాస్తావు, వాళ్ళు మాట్లాడతారు.

నీ చెల్లి


జూలై 8

చెల్లికి,

ఆశీస్సులు లేవు. దీవించేంత పెద్దమనసు ఈ వారం దొరకలేదు.

మీ ఆయన పోయిన నెలలో నేను నీకు ఏడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. దుఃఖంలో ఉంది పాపం అనుకున్నాను. తొమ్మిదేళ్ళూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది, నాకు రాయని మాటలు ఇంకొకరితో మాట్లాడావని. ఆ నెల నీ ఇంట్లో ఎవరెవరున్నారో గుర్తుచేసుకుంటూ మూడు రోజులు కూర్చున్నాను. నీ ఆడపడుచు ఉంది, ఆవిడ తమలపాకంత మనిషి, నోరు మాత్రం బాజా. పక్కింటి రిటైర్డు గుమస్తా ఉన్నాడు. లెన్సులాయన ఉన్నాడు, కుర్చీలు మోశాడు. మొదట్నుంచీ నా వేలు ఆయన మీదే ఉంది. మాట్లాడనివాళ్ళే వింటారు. వినేవాళ్ళే నేర్చుకుంటారు.

నాకన్నా బాగా మాట్లాడతారా? మాట్లాడతారు. నాకు చెవులు పోయి పన్నెండేళ్ళు. మన భాష ఎలా ఉంటుందో విని పన్నెండేళ్ళు. ఆ సంగతి నువ్వు ఎత్తకుండా ఉండాల్సింది.

అందుకే ఈ పని చేశాను. ఇంట్లో పాత సీసపు అక్షరాలు గుప్పెడు దాచుకున్నాను. అందులోంచి నాలుగు ఏరి పేర్చి, సిరా అద్ది, మన నోటుబుక్కులో మూడువందల పదహారో మాట కింద అచ్చు వేశాను. "సమాప్తం." చక్కగా పడింది. మీ వదిన వెనక నిలబడి చూసింది. నోటుబుక్కు పార్సిల్ కట్టి, నీ చిరునామా రాసి, పోస్టులో వెయ్యమని ఆమె చేతికిచ్చాను. ఇక అది నా ఇంట్లో ఉండకూడదు. నువ్వూ నీ మూడో మనిషీ దిండు కింద పెట్టుకోండి.

మీ వదిన పీల్చే మందు మానేసింది. ఊపిరి గుటకలు కూడా లేవు, అదొకటే సంతోషం. నిన్న గురువారం ఫోను దగ్గరికి వెళ్ళలేదు. ఏమిటంటే, పని ఉందని చెవిలో అరిచింది. కూర్చుని దుప్పట్లు మడతపెట్టింది. మడతపెట్టినవే మళ్ళీ విప్పి మడతపెట్టింది. ఇల్లు యంత్రం ఆగిపోయిన అచ్చాపీసులా ఉంది. చెవిటివాడికి కూడా తెలుస్తోంది.

ఇట్లు,
ఒకప్పుడు ఇమ్


జూలై 15

అన్నయ్యా,

పార్సిల్ రాలేదు. ఎవరికిచ్చావో వాళ్ళనే అడుగు.

రెండు గురువారాలుగా ఫోన్ మోగలేదు. నేను చేస్తే ఎత్తలేదు. సెలవు రోజు పొద్దున పదింటికి నేను ఫోన్ పక్కన కుర్చీ వేసుకుని, కళ్ళద్దాల గుడ్డతో తుడిచిందే తుడుస్తూ కూర్చుంటున్నాను. నీ కోపం వల్ల ఎవరి నోరు మూతపడిందో నీకు తెలియదు. నెలన్నరగా ఒకే ప్రశ్న అడుగుతున్నావు. తప్పు చిరునామాకి అడుగుతున్నావు.

ఇంతకన్నా రాస్తే ఒట్టు తీసి గట్టు మీద పెట్టినట్టే. ఇప్పటికే సగం పెట్టాను.

చెల్లి


జూలై 23

చెల్లికి,

కూర్చుని చదువు. టీ పెట్టుకుని చదువు. దుకాణంలో గిరాకీ ఉంటే లెన్సులాయనకి అప్పజెప్పు, ఆయనకి నా క్షమాపణ కూడా అప్పజెప్పు. ఎందుకో ఆయనకి అర్థం కాదు, తల ఊపుతాడు, ఫరవాలేదు.

నీ ఉత్తరం అందగానే పోస్టాఫీసుకి వెళ్ళాను. గుమస్తా రెండు రిజిస్టర్లు తిరగేసి, అలాంటి పార్సిలే రాలేదని కాగితం మీద రాసి చూపించాడు. పోస్టాఫీసుని నాలుగు తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. మీ వదిన వంటింట్లో ఉంది. "పార్సిల్ పోస్టు చేశావా?" అన్నాను. ఆమె గిన్నె కడుగుతూ, అటు తిరిగే ఏదో అంది.

నేను తల ఊపాను. చిన్న నవ్వు కూడా నవ్వాను.

నవ్వు సగంలో ఉండగా నా తల నాకే కనపడింది, చెల్లీ. అద్దంలో చూసినట్టు. ఆమె ఏమందో నాకు ఒక్క ముక్క వినపడలేదు. ఎందుకు తల ఊపాను? ఎందుకు నవ్వాను? ఇలా రోజుకి ఎన్నిసార్లు ఊపుతున్నాను? పన్నెండేళ్ళుగా ఈ ఊపుడుని పొద్దస్తమానం ఎదురుగా చూస్తున్న మనిషి ప్రపంచంలో ఒక్కరే. ఆ మాట లెన్సులాయన కోసం పుట్టలేదు. ఆయనకి అరువిచ్చారంతే. అది నా కొలతలకి కుట్టిన చొక్కా.

వెంటనే ఆ గుటకలు గుర్తొచ్చాయి. ఫోన్లో పదకొండుసార్లు లోపలికి పీల్చిన ఊపిరి. నేను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది ఆయాసాన్ని కాదు, పదకొండు 'కాదు'లని. మన భాషలో 'కాదు' ఎలా అనాలో కనిపెట్టినవాణ్ణి నేనే, దానికి మందు పట్టించినవాణ్ణీ నేనే. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికేవాళ్ళ గురించి విన్నాను గానీ, పిల్లకి పీల్చే మందు కూడా వేయించినవాణ్ణి నన్నే చూస్తున్నాను.

వంటింటి బల్ల ముందు కూలబడ్డాను. ఆమె నా మొహం చూసింది. కుళాయి కట్టేసింది. చెయ్యి తుడుచుకుని లోపలికి వెళ్ళి, బట్టల బీరువా అడుగు అరలోంచి రెండు తెచ్చి నా ముందు పెట్టింది. ఒకటి నేను కట్టిన పార్సిల్, తాడు కూడా విప్పలేదు. రెండోది పొడుగాటి రూళ్ళ పుస్తకం. తెరిచాను. పెన్సిల్ రాత. నలభై మూడు మాటలు. ఒక్కోదానికీ తేదీ, అర్థం, పక్కన ఆమె సంతకం, దాని పక్కన 'ఫోన్లో ఒప్పుకుంది' అని నీ పేరున ఒక గీత. ఆ పక్కన ఇంకో గడి. నలభై మూడు గడులూ ఖాళీగా ఉన్నాయి. పైన 'ఆయన' అని రాసి ఉంది.

నువ్వు రెండు సంతకాలన్నావు. ఆమె మూడో సంతకానికి చోటు వదిలి పెట్టుకుంది.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

ఆమె బల్ల పక్కన కూర్చుని నా కుడిచెవి పట్టుకుంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"పెళ్ళైన మూడో ఏటికల్లా మొత్తం వచ్చేసింది. మీ చెల్లెలు వచ్చినప్పుడల్లా మీరిద్దరూ ముందుగదిలో కూర్చుని మూలుగుతుంటే, నేను తలుపు దగ్గర బట్టలు మడతపెడుతుండేదాన్ని. ఒక్కో బట్ట నాలుగుసార్లు మడతపెట్టానండీ. ఆ రోజుల్లో మనింట్లో బట్టలకి ఇస్త్రీ అక్కర్లేకపోయేది."

"హూ అంటే..."

"మొదటి నెల్లోనే తెలిసింది. పాలవాడు హూ, వాడి కుక్క హూ, నేను హూ. కుక్కకన్నా ఎన్నోదాన్నో తెలీలేదు."

"చెప్పకూడదుటే?"

"చెబితే మానేసేవారు. మానేసి ఇంకో భాష పెట్టుకునేవారు. అది మళ్ళీ మొదట్నుంచి నేర్చుకోవాలి. నాకేం వేరే పన్లు లేవా?"

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. చెవి వదల్లేదు.

"మీకిప్పుడు నెలన్నరగా ఒళ్ళు మండుతోంది కదా, ఎవరో లోపలున్నారు, నేను బయటున్నాను అని? నాకు నలభయ్యొక్క ఏళ్ళు అలా మండింది. మీ చెల్లెలంటే కుళ్ళు, మీరంటే కుళ్ళు, ఆ నోటుబుక్కంటే మరీ కుళ్ళు. దుమ్ము దులిపే వంకన దాన్ని ఎన్నిసార్లు నేలకేసి కొట్టానో."

"నాకు ఒళ్ళు మండుతోందని నీకెవరు చెప్పారు?"

"మీరే. ఉత్తరం రాస్తూ పైకి చదువుతారు. మీకు వినపడదు కాబట్టి గట్టిగా చదువుతారు. లెన్సులాయన సంగతి ఈ వీధంతా తెలుసు."

చెల్లీ, అప్పుడు నాకు ఎలా ఉందో చెప్పడానికి మూడువందల పదహారులోనూ మాట లేదు, నలభై మూడులోనూ లేదు.

పెన్ను తీసుకున్నాను. ఆమె పుస్తకంలో మొదటి మాట 'లినూ'. నువ్వు పంపిన చీటీయే, నేను కాదని రాసి నోటుబుక్కులో పడేసి, నీకు ఆ మాటే ఉత్తరంలో రాసింది. నోటుబుక్కులోంచి దులుపుడులో రాలిపడితే తీసి దాచుకుందట. "అవసరం లేదు, హూ సరిపోతుంది" అనే నా రాత ఇప్పటికీ దాని మీద ఉంది, సిరా కూడా వెలవలేదు. ముందు దానికి సంతకం పెట్టాను. తర్వాత వరుసగా పెట్టుకుంటూ వచ్చాను. 'మోత బాగాలేదు' అనిపించినవి ఆరున్నాయి, నోరు మూసుకుని పెట్టాను. ములీసు దగ్గర ఆగాను. ఆమె నా వంక చూసింది. తల ఊపి, నవ్వి, పెట్టాను.

పార్సిల్ విప్పాం. సమాప్తం అనే అచ్చు ఉన్న పేజీ వెనక ఆమె తన రూళ్ళ పుస్తకం తెచ్చి అతికించింది. ఇప్పుడు సమాప్తం పుస్తకం మధ్యలో ఉంది. అచ్చుతప్పుగా ఉండనీ.

కానీ అసలు బాధ అప్పుడు పట్టుకుంది. మీరిద్దరూ మాట్లాడుకుంటారు. నేను సంతకాలు పెట్టే గుమస్తాని. ఆ మూలుగు చెవిలో ఎంత అరిచినా మూలుగులా వినపడదు, అరుపులాగే వినపడుతుంది. 'ఒంటరిగా టీ తాగడం' అనే మాట మీద సంతకం పెట్టాను గానీ, అది ఆమె నోట్లో ఎలా ఉంటుందో నాకు తెలియదు. నీకు తెలుసు. తొమ్మిదేళ్ళుగా తెలుసు. కుళ్ళు పోలేదు చెల్లీ, చిరునామా మార్చుకుంది. ఇప్పుడు నీ మీద.

అదే ఆమెతో అన్నాను. ఆమె నా చెయ్యి తీసుకుని తన చెంప మీద పెట్టుకుంది.

నువ్వు చెబితేనే ఆమెకి తెలిసి ఉంటుంది, గవదబిళ్ళల రోజుల్లో మనం ఎలా వినేవాళ్ళమో. నాకైతే ఆ సంగతి ఉత్తరంలో రాయడానికి గుర్తుంది, వాడుకోవడానికి గుర్తు లేదు. ఆమె నోరు తెరవకుండా ఏదో అంది. నా అరచేతిలో తుమ్మెద తిరిగినట్టయింది. 'మ' దవడ దగ్గర మోగుతుంది. 'న' కాస్త పైన, ముక్కు పక్కన. 'ల' అంటే చెంప కదులుతుంది. 'స' చేతికి అందదు, ఊహించుకోవాలి. పన్నెండేళ్ళలో మన భాషలో నాకు వినపడిన మొదటి మాట అది. లుల్లు. తలుపు.

అప్పుడు నేను అడిగాను. ఆ గదిలో నా పక్కన నువ్వున్నావు కాబట్టి అప్పట్లో ఎప్పుడూ అడగాల్సిన అవసరం రాని ప్రశ్న. "ఇమ్?" అన్నాను. లోపలికి రానిస్తావా అని.

"ఇమ్" అంది. చెంప మోగింది. కానీ చెంపకి మాట తెలుస్తుంది, ఊపిరి తెలియదు కదా. పీలుస్తూ అందో, వదులుతూ అందో? నలభయ్యొక్క ఏళ్ళ బాకీ ఉన్నవాణ్ణి, నమ్మకమేమిటి? రెండో చేతి వేలు తీసుకెళ్ళి ఆమె ముక్కు కింద పెట్టాను. "ఏం మనిషండీ" అన్నట్టు చూసింది. మళ్ళీ అంది.

వేలికి వెచ్చగా తగిలింది.

వచ్చే గురువారం పదింటికి ఫోన్ మోగుతుంది. ఆమె పక్కనే నా కుర్చీ ఉంటుంది. నా ఒక చెయ్యి ఆమె చెంప మీద, ఒక వేలు ముక్కు కింద ఉంటాయి. సగం సంభాషణే నాకు అందుతుంది, నీ సగం అందదు. కాబట్టి నువ్వు ఫోన్లో ఏమన్నావో అదే రోజు ఉత్తరంలో రాసి పంపు. నా గురించి ఏమైనా అంటే ముందు అది రాయి.

ఈసారి ఆశీస్సులు పూర్తిగా. కిందటిసార్లు ఆపినవి కూడా కలిపి, కంటికి విడిగా.

అన్నయ్య

తా.క. ఈ ఉత్తరం కూడా పైకి చదువుతూనే రాశాను. మీ వదిన వంటింట్లోంచి వచ్చి రెండుచోట్ల దిద్దింది.